మూడో గడిలో ఇంటూ

ఆస్ట్రియా వెళ్లి రావడానికి నాకు పాస్‌పోర్టు, బ్లూ కార్డు చాలు. తనకి మాత్రం ఒక మడత కాగితం, అందులో సరైన గడిలో ఒక ఇంటూ మార్కు కావాలి.

పెళ్లయ్యాక ఫ్యామిలీ వీసా మీద మ్యూనిక్ వచ్చింది. వీసా గడువు ఉండగానే రెసిడెన్స్ కార్డుకి అప్లై చేశాం. కార్డు రాలేదు, వీసా అయిపోయింది. ఈలోగా చేతిలో పెట్టే కాగితం పేరు ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్. నోరు తిరగడానికే వారం పట్టింది. అందులో ఉన్నది అక్షరాలా మన ఫిక్షనే! గడువు తీరిన వీసా ఇంకా బతికే ఉందని చట్టం ఊహించుకుంటుందన్నమాట.

లోపల మూడు గడులుంటాయి. మొదటి రెండింట్లో దేనికి ఇంటూ పడినా జర్మనీలో ఉండనిస్తారు. దేశం దాటితే మాత్రం ఆ కాగితం చూపించి వెనక్కి రాలేం. మూడోది నివాస చట్టం 81వ సెక్షన్, 4వ క్లాజు. దానికి పడితే వెళ్లొచ్చు, రావొచ్చు. పాత వీసా ఉన్న పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. తనది మూడో గడి.

ఫిబ్రవరిలో రాజమండ్రిలో మా మరదలి పెళ్లి. అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "అమ్మాయి వస్తే వస్తుంది గానీ బాబూ, మళ్లీ అక్కడికి రానిస్తారా?" రూల్ ప్రకారం రానిస్తారండీ అంటూనే ఉన్నాను. తనకే నమ్మకం కుదరలేదు. "ముందు దగ్గర్లో ఎక్కడికైనా వెళ్లొద్దాం. ఆ కాగితం పనిచేయడం నా కళ్లతో చూడాలి" అంది.

అలా నవంబర్‌లో ఓ శనివారం సాల్జ్‌బర్గ్ బయల్దేరాం. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ అక్కడి మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతుంది, పైసా ఎక్స్‌ట్రా లేదు. రోజెన్‌హైమ్ దాటాక ఎడమ పక్క కీమ్‌జే సరస్సు, కుడి పక్క ఆల్ప్స్. ఎటు కూర్చోవాలో తేల్చుకోలేక సీట్లు మారుతూనే ఉన్నాం. ఫ్రైలాసింగ్ తర్వాత సాలాఖ్ అనే చిన్న నది, దాని మీద బ్రిడ్జి. దాటితే ఆస్ట్రియా. ఎవరూ రాలేదు, ఏమీ అడగలేదు. ఫోన్‌కి రోమింగ్ మెసేజ్ వచ్చింది, అంతే.

గెట్రైడెగాసె అనే సన్నటి వీధిలో 9వ నంబరు పసుపు రంగు ఇల్లు మొజార్ట్ పుట్టిన ఇల్లు. జనమంతా అక్కడే సెల్ఫీలు. నాకు మాత్రం ఆ ఊరి చరిత్రే ఎక్కువ నచ్చింది. 1756లో ఆయన పుట్టేనాటికి సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో లేదు. ఆర్చిబిషప్పులే రాజులుగా ఏలిన ప్రత్యేక రాజ్యం. 1810లో బవేరియా చేతికి వెళ్లి, 1816లో ఆస్ట్రియాకి వచ్చింది. నదికి అవతల ఫ్రైలాసింగ్ వైపు పల్లెలు బవేరియాకే ఉండిపోయాయి. ఉన్నచోట నుంచి కదలకుండానే అక్కడి జనం వేరే దేశం వాళ్లయిపోయారు. వాళ్లకెవరు ఇచ్చారో మడత కాగితాలు!

1077లో మొదలెట్టిన కోట ఊరి మీద కూర్చుని ఉంటుంది. అది ఎక్కుతూ తను ఎన్నిసార్లు బ్యాగు జిప్ తడిమిందో లెక్కలేదు. పైనుంచి వ్యూ అద్భుతం. తను చూసింది తక్కువే. కిందికొచ్చాక నీలం, వెండి రంగు కాగితం చుట్టిన అసలు మొజార్ట్‌కూగెల్ చాక్లెట్లు కొన్నాం. 1890లో పుట్టిన సరుకు, ఇప్పటికీ చేత్తోనే చేస్తారు.

అసలు పని తిరుగు ప్రయాణంలో. ఆస్ట్రియా వైపు నుంచి వచ్చేవాళ్లని జర్మనీ 2015 సెప్టెంబర్ నుంచి చెక్ చేస్తోంది. ఫ్రైలాసింగ్‌లో ట్రైన్ ఆగింది, పోలీసులు ఎక్కారు. నా కార్డు రెండు సెకన్లలో తిరిగొచ్చింది. తన కాగితం మడత విప్పారు. మూడో గడి చూశారు. పాస్‌పోర్టులో పాత వీసా వెతికారు, గడువు తేదీ చూశారు, మొహం చూశారు. "డాంకే" అని పక్క సీటుకి వెళ్లిపోయారు. నిమిషం కూడా పట్టలేదు. తను ఊపిరి వదలడం నాకు వినిపించింది.

కానీ ఆ పోలీసులకి ఇది రోజూ చూసే కాగితం. శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్లో కూర్చునే వాళ్లు దీన్ని ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. సరైన పత్రాల్లేని వాళ్లని ఎక్కిస్తే ఎయిర్‌లైన్‌కి ఫైన్ పడుతుంది కాబట్టి వాళ్ల భయం వాళ్లది. ఐరోపా సంఘం ప్రచురించే రెసిడెన్స్ పత్రాల జాబితాలో జర్మనీ కింద ఈ కాగితం మూడో గడితో సహా ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టాలని ట్రైన్‌లోనే రాసుకున్నాం. దారిలో ఇంకో దేశంలో దిగితే వాళ్ల రూల్స్ వేరే, కాబట్టి రేటెక్కువైనా డైరెక్ట్ ఫ్లైటే. కాగితం గడువు మార్చి ఆఖరు, ఈలోపు వచ్చేయాలి.

రోజెన్‌హైమ్ రాకముందే తను ఇంటికి ఫోన్ కలిపింది. అక్కడ రాత్రి పది కావస్తోంది. "అమ్మా, టికెట్లు తీసుకుంటున్నాం. పసుపు దంపులకి ముందే వచ్చేస్తాం."

అత్తయ్యగారు ఒక్క క్షణం ఆగి అడిగారు. "తిరిగి వెళ్లేటప్పుడు మనిషికి ఎన్ని కేజీలు పట్టుకెళ్లనిస్తారే? ఆవకాయ జాడీ కదపకుండా ఉంచాను."