తొమ్మిదో నెంబరు

2018 జూన్ 16

ఫుట్‌బాల్ ప్రపంచ కప్. ఫ్రాన్స్ ముందు వరసలో గ్రీజ్‌మన్, ఎంబాపె, డెంబెలె. ముగ్గురూ పరిగెత్తేవాళ్లే. ముగ్గురికీ ఖాళీ కావాలి. ఆస్ట్రేలియా వాళ్లు ఖాళీ ఇస్తేగా! చెరో పెనాల్టీ, 1-1.

70వ నిమిషంలో తొమ్మిదో నెంబరు జిరూ దిగాడు. వారం కిందటే అమెరికాతో ఆటలో తల పగిలింది, కుట్లు కూడా పడ్డాయి. పోగ్బా బంతి ఇచ్చాడు, జిరూ తిరిగి అతనికే అందించాడు. పోగ్బా కొట్టింది బెహిచ్‌కి తగిలి పైకి లేచి, క్రాస్‌బార్ కింద తగిలి, గీత దాటింది. ఫ్రాన్స్ గట్టెక్కింది.

జిరూ చేసిందేముంది? పందిరి గుంజలా నిలబడ్డాడు. కానీ అతను నిలబడ్డాకే మిగతావాళ్లకి ఎటు పోవాలో తెలిసినట్టుంది...

జూన్ 21

పెరూ మీద 1-0. ఈసారి మొదటినుంచీ జిరూయే. అతని షాట్ డిఫెండర్‌కి తగిలి గోల్‌కీపర్ మీదుగా పోతుంటే ఎంబాపె వచ్చి తోసేశాడు. రేపు పేపర్లో ఫోటో ఎవరిదో తెలిసిందే.

తమ్ముడి మెసేజ్: "అక్కా, మీవాడు కొట్టాడా?"

జవాబివ్వలేదు.

జూన్ 26

డెన్మార్క్‌తో 0-0. నిద్రొచ్చింది.

జిరూకి దేశం తరఫున 31 గోల్స్ ఉన్నాయి. జిదాన్‌వీ అన్నే. మరి అవన్నీ కొట్టినవాడు ఎక్కడ? ఇలాంటి ఆట చూశాక ఎవరినైనా ఎంతకని వెనకేసుకొస్తాం?

జూన్ 30

అర్జెంటీనా మీద 4-3. గొంతు పోయింది.

నాలుగో గోల్ మళ్లీ మళ్లీ వేసుకుని చూశా. మట్యూడి నుంచి జిరూకి. జిరూ బంతిని ఆపలేదు. అలా తాకి కుడివైపు వదిలాడంతే. ఎంబాపె అడుగు తగ్గించుకోకుండా అందుకున్నాడు. రవ్వంత గట్టిగా తగిలినా గోల్‌కీపర్‌కి పోయేది.

అందరూ ఆ పందొమ్మిదేళ్ల కుర్రాడి గురించే. సరే, మాట్లాడుకోవాల్సిందే మరి.

జూలై 7

నిన్న ఉరుగ్వే మీద 2-0. మీవాడు మళ్లీ సున్నా అని పొద్దున్నే తమ్ముడు.

1998లో గివార్ష్ సంగతి చెప్పా. అదే తొమ్మిదో నెంబరు, ఒక్క గోల్ లేదు, కప్పు మాత్రం ఫ్రాన్స్‌దే. అప్పటి కెప్టెన్ దెషాంప్స్, ఇప్పటి కోచ్ కూడా ఆయనే. ఆయనకి ఈ లెక్క ఒకరు చెప్పాలా?

చెప్పాక అనుమానం. ఈ వాదనతో ఎవరినైనా సమర్థించొచ్చేమో. గోల్ కొట్టని ప్రతివాడూ టీమ్ కోసమే ఆడుతున్నాడా?

జూలై 11, రాత్రి ఒకటిన్నర దాటింది

బెల్జియం మీద 1-0. కార్నర్, ఉమ్‌టిటి హెడర్. ఆ కార్నర్ వచ్చింది జిరూ షాట్ కొంపనీకి తగిలి బయటికి పోతేనే. అది ఎవరికి గుర్తుంటుంది?

కానీ ఆ తర్వాతది! ఎంబాపె మడమతో వెనక్కి ఇచ్చాడు. అబ్బ, ఏం పాస్! జిరూ దాన్ని కూడా గోల్ చెయ్యలేకపోయాడు. నా నోట్లోంచి బూతొచ్చింది. అమ్మ లేచింది.

జూలై 15

4-2. కప్పు ఫ్రాన్స్‌ది. జిరూని 81వ నిమిషంలో తీసి ఫెకిర్‌ని దింపారు.

ఏడు మ్యాచ్‌లు, 546 నిమిషాలు. గోల్ లేదు సరికదా, గోల్‌కి సూటిగా పోయిన షాట్ ఒక్కటీ లేదట. పెరూ మీద కొట్టింది డిఫెండర్‌కి తగిలింది కాబట్టి అదీ లెక్కలోకి రాదు. లెక్కరాసేవాడికి తప్పదు మరి.

తమ్ముడు: "కప్పు సరే అక్కా. నీ టీమ్ అయితే తీసుకుంటావా?"

ఎంబాపె ఉంటే తీసుకుంటా అన్నా.

"లేకపోతే?"