నాకేమొద్దు నాయినా

వారాంతాల్లో ప్రపంచ నాటకం మీద ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. వారానికి ఒక ట్రాజెడీ చదవాలి, దాని మీద వచ్చిన సినిమా చూడాలి. సినిమాలు మామూలు నిడివివి కావు. 1996లో కెన్నెత్ బ్రానా తీసిన ‘హామ్లెట్’ 242 నిమిషాలు. క్లాసులో చాలామంది ఒకటిన్నర స్పీడులో పెట్టి చూసేసేవాళ్ళు. నాకు ఆ వీలు లేకపోయింది. ఇంట్లో పొలం పంపకాల ముచ్చట నడుస్తోందని ఆ నెలంతా అచ్చంపేట నుంచే పని చేశాను. లాప్‌టాప్ టీవీకి తగిలిస్తే మా నాయిన వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆయనకు సబ్‌టైటిల్స్ అందవు. ఆపి, చెప్పి, మళ్ళీ నడిపించాలి. అట్లా ‘కింగ్ లియర్’ మాకు మూడు వారాలు పట్టింది.

మొదట గ్రిగోరి కోజింత్సెవ్ 1971 సినిమా. పాస్టర్నాక్ అనువాదం, షోస్తకోవిచ్ సంగీతం. నాటకం రాజసభలో మొదలవుతుంది గానీ సినిమా బాట మీద మొదలవుతుంది. రాళ్ళ దారిలో చింపిరి బట్టల జనం, కోట వైపు నడుస్తూనే ఉంటారు. ఒక్క మాట ఉండదు.

“వీళ్ళు ఏడికి వోతుండ్రు? మేస్త్రి ఏడున్నడు?” అన్నాడు నాయిన.

దేశంలో ఎక్కడెక్కడో కట్టిన డ్యాముల మీద మట్టి మోసిన పాలమూరు లేబర్‌ను చూసిన మనిషి ఆయన. గుంపుగా నడిచే జనానికి ముందు ఒక మేస్త్రి ఉంటాడని ఆయనకు తెలుసు. తుఫానులో చిక్కుకున్నాక గానీ లియర్‌కు ఇల్లు లేని వాళ్ళు గుర్తుకు రారు. కోజింత్సెవ్ మాత్రం వాళ్ళను రాజు కంటే ముందే చూపిస్తాడు. దీని మీద నేను చదివిన వ్యాసాలకన్నా ‘మేస్త్రి ఏడున్నడు’ అన్న ప్రశ్నే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇంకొకటి కూడా ఆయనే పట్టుకున్నాడు. ఎవరికి తన మీద ఎంత ప్రేమ ఉందో లియర్ కూతుళ్ళను అడిగేలోపే రాజ్యం మూడు ముక్కలుగా గీసిన మ్యాపు సిద్ధంగా ఉంటుంది.

“ముందే గీసుకొచ్చినంక మళ్ల అడుగుడెందుకు?”

తర్వాత కురొసావా ‘రాన్’. 1985, 162 నిమిషాలు. ఇక్కడ కూతుళ్ళకు బదులు ముగ్గురు కొడుకులు. కోట మీద దాడిలో చాలాసేపు అరుపులు, కత్తుల చప్పుడు ఏవీ వినిపించవు, తకెమిత్సు సంగీతం తప్ప. షేక్‌స్పియర్ లియర్‌కు గతం పెద్దగా చెప్పలేదు. కురొసావా తన రాజుకు ఒక గతం ఇచ్చాడు. ఆ కోటలు వేరేవాళ్ళవి. పెద్ద కోడలు పుట్టింటివాళ్ళను ఈయనే చంపించాడు. నేను ఇదంతా చెబితే నాయిన కాసేపు ఆగి, “గట్లయితే పంచనీకి అది ఆయనది కాదు గద” అన్నాడు.

మూడోది సిలబస్‌లో లేదు, నేనే పెట్టాను. 1949 చివర్లో వచ్చిన కె.వి.రెడ్డి ‘గుణసుందరి కథ’. లియర్ కథే, కానీ సుఖాంతం. మనవాళ్ళు విషాదం తట్టుకోలేరని నవ్వనక్కర్లేదు. 1681లో నేహమ్ టేట్ అనే ఆయన ఇంగ్లండులోనే లియర్‌ను సుఖాంతం చేస్తే, సుమారు నూటయాభై ఏళ్ళు అక్కడి స్టేజీ మీద అదే ఆడింది.

నన్ను ఆపింది ముగింపు కాదు, చిన్నకూతురి జవాబు. నాటకంలో కార్డీలియా, రేపు పెళ్ళయితే తన ప్రేమలో సగం భర్తకు పోతుంది కదా అని లెక్క చెబుతుంది. పింగళి నాగేంద్రరావు రాసిన గుణసుందరి, ఆడదానికి భర్తే సర్వం అంటుంది. సగం సగం లెక్క కాస్తా పాతివ్రత్యం అయిపోయింది. కూతురు మంచిదని మనకు నమ్మకం కలగాలంటే ఆమె ఏదో ఒకటి వదులుకోవాలి.

అదే వారం అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. అయిదెకరాలు తాత నుంచి వచ్చినవి. అన్నకూ నాకూ చెరి సగమని రాసిన కాయితం బల్ల మీద ఉంది. “నీకేం గావాలె బిడ్డా?” అన్నాడు నాయిన. “నాకేమొద్దు నాయినా, మీరు మంచిగుంటే సాలు” అంది అక్క. అందరూ మెచ్చుకున్నారు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కని ఉమ్మడి రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ గదిలో దాని ఊసే రాలేదు. చెప్పడానికేమీ లేదన్నందుకు కార్డీలియా తిట్లు తిని ఆస్తి పోగొట్టుకుంది. అక్క పొగడ్తలు విని పోగొట్టుకుంటోంది. అన్నను, నన్ను మాత్రం ఎంత ప్రేమ ఉందని ఎవరూ అడగలేదు. కొడుకులకు ఆ పరీక్ష లేదు.

ఆ రాత్రి నాయినతో అన్నాను: “రెండు భాగాల కాయితం ముందే రాసినంక అక్కను అడుగుడెందుకు?”

ఆయన జవాబు చెప్పలేదు. పొద్దున చూస్తే బల్ల మీద కాయితం లేదు, బీరువాలో పెట్టాడు. మూడు భాగాలుగా కొలిపిద్దామని నేనే అన్నకు చెప్పాను. క్లాసుకు వ్యాసం పంపేశాను, మార్కులు కూడా వచ్చాయి. అన్న మాత్రం పది రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు. అక్క ఫోన్ చేసి “నాకోసం కొట్లాడకుండ్రి” అంటోంది. అది కూడా ‘నాకేమొద్దు’ అనడమే. ఈసారి మాత్రం మేం ఆమెను మెచ్చుకోకూడదు.