తాళం వేసిన తోట

మోకాళ్ళ నొప్పులకు మందులు రాసిచ్చిన డాక్టరు, చీటీ అడుగున "రోజూ అరగంట నడవాలి" అని కూడా రాశాడట. మందులు బజారులో దొరికాయి, నడకే దొరకలేదు.

ఈ మాట మా అమ్మది. నాన్నగారు పోయినప్పటినుంచీ ఆమె శ్రీకాకుళంలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. మొన్న మాఘమాసంలో బంధువుల పెళ్ళికి విజయనగరం వచ్చింది. నేనూ కాలేజీకి సెలవు పెట్టి రాజమండ్రి నుంచి వెళ్ళాను. పెళ్ళి అయిన మర్నాడు, "నన్ను శ్రీకాకుళంలో దింపి పోదువుగాని, ముందు ఒక్కసారి అయ్యకోనేటి గట్టుమీద నడిపించరా" అంది. పెళ్ళి భోజనాల బరువు నాకూ ఉంది గనుక సరేనన్నాను.

నేను విజయనగరంలో చదువుకునే రోజుల్లో 'పార్కుకు వెళ్ళడం' అనే మాట మా ఇంట్లో లేదు. 'గట్టుకు వెళ్ళడం' ఉండేది. ఊరి మధ్య అయ్యకోనేరు, కోట పక్కన పెద్దచెరువు. నీళ్ళున్నచోట గాలి, గాలి ఉన్నచోట జనం. బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 తరువాత పైడితల్లి అమ్మవారు ఆ పెద్దచెరువులోనే దొరికిందని ఊరివారి నమ్మకం. రైల్వేస్టేషను దగ్గరున్న ఆమె గుడిని ఈనాటికీ వనంగుడి అంటారు. మన పెద్దలు దేవతకైనా ముందు ఒక చెట్టునీడ చూచి, ఆ తరువాతే గోడలు కట్టారు కాబోలు.

అమ్మ గట్టుమీద రెండుసార్లు ఆగి, నాలుగుసార్లు నా భుజం పట్టుకుని, మొత్తంమీద ఒక చుట్టు పూర్తిచేసింది. పింఛనుదారులు ముగ్గురు మాకు ఎదురయ్యారు. ఒకాయన నన్ను పోల్చుకుని, "మీరు ఫలానావారి అబ్బాయి కదూ" అన్నాడు. అక్కడ నిలబడి పావుగంట మాట్లాడుకున్నాం. మాటల మధ్యలో నాకు తట్టింది: గట్టుకు తలుపు లేదు. తలుపు లేదు గనుక తాళం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రపట్టని ముసలాయనా, మిట్టమధ్యాహ్నం మూట దించుకోవాలనుకున్న కూలిమనిషీ ఎవరినీ అడగక్కర్లేదు.

పూసపాటివారి ఊరు గదా, తోటలకు లోటు ఉండకూడదు. 1713లో కోట వెలిసిన తరువాత దాని చుట్టూ మహళ్ళు లేచాయి. నైరుతిదిక్కున పూల్‌బాగ్, అంటే పూలతోట. దానిని ఆనుకునే ఔధ్‌ఖానా అనే ఎనిమిది పలకల రాతికట్టడం ఉంది. అది రాజుగారి స్నానశాల. పక్కబావిలోంచి తోడిన నీళ్ళు పైనున్న తొట్టికి ఎక్కించేవారట. తోటకు నీళ్ళు ఎలా వస్తాయన్నది ముందు ఆలోచించుకుని తరువాత తోట వేసినవాళ్ళు వాళ్ళు. కాలం మారింది. 1958లో పి.వి.జి. రాజుగారు మాన్సాస్ సంస్థ స్థాపించారు; కోటలో కాలేజీలు నడిచాయి. కోరుకొండ ప్యాలెస్ 1962లో సైనిక పాఠశాల అయింది. రాజుల తోటలు చదువుల పాలుకావడం గురించి పంతులుద్యోగం చేసేవాణ్ణి నేనెలా ఫిర్యాదు చేస్తాను? కాని ఊరివాళ్ళు ఊరికే కూర్చోడానికి మాత్రం ఆ ఆస్తిలో వాటా తక్కువే వచ్చింది.

ఆటస్థలాల మాటకు వస్తే, 1936లో ఇంగ్లండుకు భారత క్రికెట్ జట్టును నడిపించుకు వెళ్ళిన విజ్జీ పేర ఇక్కడ స్టేడియం ఉంది. శ్రీకాకుళం స్టేడియానికేమో కోడి రామమూర్తినాయుడి పేరు పెట్టారు. రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకున్న ఈ కలియుగ భీముడు 1882లో వీరఘట్టంలో పుట్టాడు. నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్ళింది. ఆయన కండలు పెంచింది మాత్రం విజయనగరం తాలింఖానాల్లోనే. ఇంత మట్టీ, ఒక కప్పూ, నేర్పే గురువూ ఉంటే తాలింఖానా సిద్ధం. ఈ గాలిలో ఏదో ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కంచు పతకం ఎత్తుకొచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటే.

మధ్యాహ్నం బస్సెక్కాం. నాతవలస దగ్గర పెద్దరోడ్డు ఎక్కాక అమ్మ కునికింది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి చుట్టూ ఎప్పటిలాగే అన్ని రోడ్ల జనమూ ఒక్కసారే వచ్చినట్టుంది. ఒకప్పుడు ఈ ఊరికి పార్కు నాగావళి ఇసుకే. ఎండాకాలం సాయంత్రాలు సంసారాలన్నీ తరలివచ్చేవి. పులిహోర డబ్బాలు మా ఇంటినుంచీ వెళ్ళేవి.

తమ్ముడి కాలనీలో పార్కు ఉంది. పేరు చెప్పను, ఇలాంటివి మీ ఊళ్ళోనూ ఉంటాయి. సాయంత్రం నాలుగున్నరకు అమ్మను తీసుకువెళ్ళాను. గేటుకు తాళం. లోపల సిమెంటు పలకల బాట, జారుడుబల్ల, ఒకవైపు గొలుసు తెగిన ఉయ్యాల. పచ్చికమాత్రం ఎండి చాపరంగుకు వచ్చింది. చెట్లన్నీ నా మోకాలెత్తు మొక్కలు. గోడమీద నల్లరాతి పలకలో ప్రారంభకుల పేర్లు వరసగా ఉన్నాయి. ఎన్ని గంటలకు తెరుస్తారో మాత్రం ఎక్కడా లేదు.

అయిదుకు కాపలామనిషి సైకిలుమీద వచ్చాడు.

"ఇంత ఆలస్యమేం?" అన్నాను, క్లాసుకు ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ణి అడిగినట్టు.

"ఆలీసం కాదు బాబూ, ఇదే టయిము. పొద్దున అయిదుకి తీస్తాను, ఎనిమిదికి మూసెస్తాను. మల్లీ అయిదుకి."

"మధ్యాహ్నం ఎందుకు మూయడం?"

"మజ్జాన్నం తీస్తే కుర్రోల్లొచ్చి పేకాడతన్నారని కంప్లయింటు. ఓపాలి ఉయ్యాల గొలుసు ఇప్పీసినారు. అది నా జీతంలో కోసీసినారు. మరి నానేటి సేస్తాను?"

నా దగ్గర జవాబు లేదు. మొక్కలకు నీళ్ళెలాగని అడిగితే, మోటారు కాలిపోయిందనీ, బాగుచేయడానికి కాగితం రాశారనీ, అందాకా తనే బిందెలతో పోస్తున్నాననీ చెప్పాడు.

డబ్బు లేక ఇలా అయిందనుకోడానికి లేదు. 2015 జూన్‌లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన అమృత్ పథకం లక్ష జనాభా దాటిన పట్టణాలకు వర్తించింది. మన రెండు ఊళ్ళూ అందులో ఉన్నాయి. కేటాయింపులో నూటికి రెండున్నర దాకా పార్కులకు ఖర్చుపెట్టవచ్చుననీ, తరువాతి నిర్వహణ స్థానికుల భాగస్వామ్యంతో జరగాలనీ దాని నిబంధనలు. పార్కు కట్టడానికి ఒకసారి ఖర్చుచేస్తే చాలు. నిర్వహణ అంటే మోటారు, గొట్టం, ఉయ్యాల గొలుసు, కాపలామనిషి జీతం. ఇవి నెలనెలా అడుగుతాయి. నల్లరాతి పలక ఒక్కటే ఏమీ అడగదు.

స్థలం సంగతి ఇంకోటి. మనిషికి పది చదరపు మీటర్లయినా ఖాళీ స్థలం ఉండాలని కేంద్రం వారి పట్టణ ప్రణాళికా సూత్రాలు చెబుతాయి. నాలుగు మంచాలు పట్టే గదంత అన్నమాట. 2011 నాటికే విజయనగరం జనాభా రెండు లక్షలు దాటింది. గుణించి చూడండి, దరిదాపు అయిదువందల ఎకరాలు! ఇప్పుడు అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది? ఉన్నది పోకుండా చూచుకోవాలి. లేఅవుటు వేసేవారు నూటికి పది వంతులు ఖాళీగా వదలాలన్న నియమం ఉంది. ఆ వదిలినది ఎంత, ఎక్కడ అని గేటు దగ్గర ఒక బోర్డు ఉంటే కొంత కాపలా అదే కాస్తుంది. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1859లో, గవర్నరు ట్రెవెల్యన్ చెన్నపట్నంలో పీపుల్స్ పార్కు వేయించాడు. తరువాత అందులోకి టౌన్‌హాలు వచ్చింది, మూర్ మార్కెట్ వచ్చింది, స్టేడియం వచ్చింది. అన్నీ ప్రజలకోసమే, పార్కే మిగలలేదు. బెంగుళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్‌హోముకు ఇస్తే, ఆ పేటవాళ్ళు పోరాడి 1991లో సుప్రీంకోర్టులో గెలిచారు. ఆసుపత్రికంటే పార్కు ఎందుకు అని అడిగేవారికి మా అమ్మ మందుల చీటీ చూపించాలి.

ఈ ఆలోచనలతో నేను తల పట్టుకుంటూంటే అమ్మ బాటమీద నడిచి, "ఒరేయ్, ఈ పలకలు అరికాళ్ళకు పొడుస్తున్నాయి. పక్కన మట్టిదారి వదిలితే వీళ్ళ సొమ్మేం పోయింది?" అంది. సలహా మంచిదే, ఖర్చు తక్కువది. తరువాత బెంచీమీద కూర్చుని మొక్కలను పరికించింది.

"నీడ చెట్టు ఒక్కటీ లేదేమయ్యా?"

"పెద్ద చెట్టుండీది అమ్మా. గాలివానకి పడిపోనాది. అవిగో, ఆ మూల రెండు కానుగ మొక్కలు నానే తెచ్చి ఏసినాను. పొగడ మొక్క దొరకనేదు."

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. ఈ రెండు జిల్లాల్లో చెట్టు వయస్సు తుపాను పేరుతో చెబుతారు. పడిన మాను తీయించడం రెండు రోజుల పని, మళ్ళీ నీడ రావడానికి పదిహేనేళ్ళు. అంచేత తుపాను వెళ్ళిన మరునాడే మొక్క నాటాలి. మరుసటి ప్రారంభోత్సవందాకా ఆగకూడదు.

చీకటి పడుతూండగా పిల్లలు పదిమంది చేరారు. ఉయ్యాల ఒక్కవైపే ఉంది గనుక వంతులు వేసుకున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు అమ్మ పక్కన చోటుచేసుకుని కూర్చున్నారు, వాళ్ళవీ మోకాళ్ళేనట. కబుర్లు అప్పుడే అందుకుంటున్నాయి, కాపలామనిషి తాళంచెవి చప్పుడు చేశాడు. ఇంకా ఏడు కాలేదు.

"కూసింత తొరగా లెగండి అమ్మా. అవతలేపు ఇంకో పార్కు ఉంది. అదీ నానే ముయ్యాల."

ఇంటికి వెళ్ళే దారిలో అమ్మ ఏమీ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అడిగింది:

"పొద్దున అయిదుకే తీస్తానన్నాడు కదూ?"