డెన్వర్ చలిలో ఐరాల డ్రైవరు

మా ఐరాల చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా ముందు కాణిపాకం పోతారు. కాణిపాకం మా మండలంలోనే ఉంది మరి. వరసిద్ధి వినాయకుడి గుడి దగ్గర బండికి పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన వాణ్ణి కాబట్టి మా వీధిలో ఎవరి బండికైనా ఆ నిమ్మకాయలు తొక్కించే పని నాకే అప్పగిస్తారు. అయితే ఆ నిమ్మకాయను తొక్కే రబ్బరు గురించి నేను నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉందని మొన్న డిసెంబరులో తెలిసింది. అదీ అమెరికాలో!

మా అబ్బోడు కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్‌ను ఆనుకుని ఉన్న అరోరాలో ఉంటాడు. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు, అంటే సరిగ్గా ఒక మైలు. మన హార్స్‌లీ హిల్స్ కంటే ఎత్తన్న మాట. కానీ కొండ మీద ఉన్నట్టే అనిపించదు. ఊరు చాలా వరకు బల్లపరుపు. పడమట మాత్రం రాకీ పర్వతాలు గోడ కట్టినట్టు కనిపిస్తాయి.

అక్కడి చలికాలానికి ఒక పద్ధతంటూ లేదు. ఒక పొద్దు అడుగు మందాన మంచు పడుతుంది. రెండు రోజులకు కొండల మీది నుంచి చినూక్ అనే పొడిగాలి దిగి, మంచునంతా కరిగించేస్తుంది. మధ్యాహ్నం స్వెట్టరు తీసేసి తిరగొచ్చు. తెల్లారేసరికి మళ్లీ నీళ్లు గడ్డ కడతాయి.

అబ్బోడికి చిన్నప్పటి నుంచి ఒక స్పోర్ట్స్ కారు కొనాలని కోరిక. నేను పోయేసరికి కొనేశాడు. రెండు తలుపులు, ఇంజను బలమంతా వెనక చక్రాలకే, 19 అంగుళాల రిమ్ములు, వెనక టైర్లు ముందు వాటికంటే వెడల్పు. చూస్తే ముచ్చటేసింది. కానీ టైర్లు మాత్రం ఎండాకాలానికి చేసినవి. చలికాలానికి వేరే టైర్లుంటాయంట కదరా అంటే కొట్టిపారేశాడు.

"నాయనా, ఇక్కడ రోడ్డు మీద మంచు నిలిచేది నెలకు నాలుగైదు దినాలే. ఆ దినం నేను కారు తియ్యను. దానికోసరం మళ్లీ టైర్లెందుకు?"

నాకూ సబబే అనిపించింది. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ఆ పొద్దు ఏడున్నరకు మనవరాలిని స్కూల్లో దించడానికి ముగ్గురం బయల్దేరాం. పాప వెనక ఇరుకు సీట్లో కూర్చుంది. ఆకాశం నీలంగా మెరుస్తోంది, రోడ్డు పొడిగా ఉంది, మంచు చుక్క లేదు. కారు మీటర్లో 18 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది. మన లెక్కలో మైనస్ ఎనిమిది. సిగ్నల్ దగ్గర ఎడమకు తిప్పుతూ అబ్బోడు కొంచెం యాక్సిలరేటరు తొక్కాడు, అంతే. కారు వెనక భాగం జారి పక్కకు తిరిగింది. నా కాలు తనంతట తానే లేని బ్రేకును తొక్కింది. కారు అర చుట్టు తిరిగి ఫుట్‌పాత్ అంచుకు కొట్టుకుని ఆగింది. ఎదురుగా వచ్చే బండ్లు దూరంగా ఉండబట్టి సరిపోయింది. పాప "తాతా" అని ఒక్క కేక వేసి, ఆ తర్వాత మాట్లాడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక రిమ్ము మాత్రం ఒంగిపోయింది.

కిందికి దిగి టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. ఎండు కొబ్బరి చిప్పలాగా ఉంది. అప్పుడర్థమయింది, జారింది రోడ్డు కాదు, రబ్బరు!

దీని వెనక ఉన్న సంగతి ఇది. టైరు రోడ్డును పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండి, తారులోని గరుకుల్లోకి ఒదగాలి. ఎండాకాలం టైర్ల రబ్బరు వేడిలో పట్టిచ్చేలా కలిపింది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే అది గట్టిపడడం మొదలవుతుంది. మంచు లేకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా అంతే. మరీ గడ్డకట్టే చలిలో ట్రెడ్డు పగలొచ్చు కూడా. చలి టైర్లలో సిలికా లాంటివి ఎక్కువ కలిపి, ఆ చలిలోనూ రబ్బరు మెత్తగా ఉండేలా చేస్తారు. ట్రెడ్డు మీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి. అవే మంచును కరిచి పట్టుకుంటాయి. మా ఐరాలలో ధనుర్మాసం తెల్లవారుజామున కూడా 7 డిగ్రీలు నేను చూడలేదు. ఇక నాకెట్ల తెలుస్తుంది?

సాయంత్రం టైర్ల అంగడికి పోయాం. అబ్బోడు ఖర్చు తగ్గిద్దామని, "బలం పోయేది వెనక చక్రాలకే కదా, వెనక రెండే మారిస్తే చాలదా?" అన్నాడు. ఆర్టీసీలో కొత్త టైర్లు ముందు వేసి, రీట్రెడ్ చేసినవి వెనక వేస్తాం కాబట్టి నేనూ తలూపాను. అంగడాయన మాత్రం ఒప్పుకోలేదు. బండి తిరిగేదీ, ఎక్కువగా ఆగేదీ ముందు చక్రాలతో. అవి రాయిలాగా ఉంటే వెనక ఎంత పట్టున్నా బండి నేరుగానే పోతుంది. వేస్తే నాలుగూ వెయ్యాలి, నాలుగూ ఒకే రకం వెయ్యాలి అన్నాడు.

తర్వాత ఏ రకం అనే ప్రశ్న వచ్చింది. ఒకటి, గడ్డ మంచు కోసం చేసిన బాగా మెత్తటి టైర్లు. నెలల తరబడి రోడ్ల మీద మంచు ఉండే ఊళ్లకు అవి మేలు. పొడి రోడ్డు మీద వేగంగా పోయే కారుకు మాత్రం మలుపులో వదులుగా ఊగినట్టుంటాయి. రెండు, ఏడాదంతా వాడే టైర్లు. మామూలు కారుకు సరిపోతాయి. మూడు, స్పోర్ట్స్ కార్ల కోసమే చేసిన చలి టైర్లు. గడ్డ మంచు మీద మొదటి రకమంత పట్టు ఇవ్వవు గానీ, చలిలో పొడి రోడ్డు, తడి రోడ్డు, అప్పుడప్పుడు మంచు, అన్నింటికీ తగినట్టుంటాయి. పూటకో రకంగా మారే డెన్వర్‌కు, ఈ కారుకు మూడోదే కుదిరింది.

కొనేముందు నాలుగు సంగతులు చూశాం. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు ఉన్న గుర్తు ఉండాలి. అది మంచులో పరీక్ష చేసినట్టు గుర్తు. ఉత్త 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటే చాలదు. బరువు మోసే అంకె కారుకు చెప్పినదానికి తగ్గకూడదు. తయారైన వారం, సంవత్సరం చెప్పే చివరి నాలుగంకెలు చూడాలి. ఇక రిమ్ము 19కి బదులు 18 అంగుళాలు తీసుకున్నాం. టైరు వెడల్పు తగ్గితే మంచును కోసుకుపోతుంది, పక్క గోడ ఎత్తు పెరిగితే గుంతల్లో రిమ్ము దెబ్బతినదు. అయితే లోపల బ్రేకులు పట్టాలి, చక్రం మొత్తం ఎత్తు మారకూడదు.

చివరికి తీసుకున్నవి వ్రెడెస్టైన్ వారి వింట్రాక్. నెదర్లాండ్స్ కంపెనీ. దాన్ని 2009లో కొన్నది మన అపోలో టైర్స్ అని అబ్బోడు ఫోన్లో చూసి చెప్పాడు. ఆ అపోలో ఫ్యాక్టరీ ఒకటి మన పాత చిత్తూరు జిల్లాలోనే, వరదయ్యపాళెం మండలం చిన్నపండూరులో 2020 నుంచి నడుస్తోంది. ఎక్కడి ఐరాల, ఎక్కడి అరోరా! నాకు సొంతూరి మనిషి కనిపించినట్టయింది.

ఆ ఆదివారం ఐ-70 రోడ్డు మీద కొండలకు పోయాం. మారిసన్ దాటగానే ఎక్కుడు మొదలు. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఆ రోడ్డులో చట్టమే ఉంది. తగిన టైర్లయినా ఉండాలి, లేదా చక్రాలకు కట్టే గొలుసులైనా ఉండాలి. ట్రెడ్డు లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులుండాలి. ఐడహో స్ప్రింగ్స్, జార్జ్‌టౌన్ దాటి 11 వేల అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం దాకా పోయాం. దారిలో మంచు మొదలైంది. తిరుగు దారిలో తిరుమల ఘాట్ దిగినట్టే తక్కువ గేరులో దిగమన్నాను. కారు ఎక్కడా బెదరలేదు. సగం దారిలో పాప పాట పాడడం మొదలుపెట్టింది. ఆ పొద్దు నుంచి కారెక్కితే నోరు విప్పని పిల్ల! నాకు అంతకంటే ఏం కావాల?

మీ పిల్లలు చలి దేశాల్లో ఉంటే ఒక మాట అడగండి. "మంచు పడుతోందా?" అని కాదు, "పొద్దున ఎన్ని డిగ్రీలుంటోంది?" అని. 7 కంటే తక్కువని రోజూ చెబుతుంటే టైర్లు మార్చే కాలం వచ్చినట్టే. చలికి గాలి కూడా తగ్గుతుంది, ఆరు డిగ్రీలకు ఒక పాయింటు చొప్పున. తెల్లవారి చూసుకోమనండి. ఎండలు రాగానే మళ్లీ పాత టైర్లు వెయ్యాలి, లేకుంటే మెత్తటి రబ్బరు తొందరగా అరిగిపోతుంది. రెండు జతలూ సగం సగం వాడితే రెండూ ఎక్కువ కాలం వస్తాయి, డబ్బు వృథా ఏం కాదు.

నేను తిరిగొచ్చే ముందురోజు మా కోడలు ఫ్రిజ్‌లో నుంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చి, "మామా, ఈ టైర్లకు మీరే తొక్కించండి" అంది. నేను తొక్కించలేదు. తాళం అబ్బోడి చేతికిచ్చి, ముందు ఒక మాటియ్యమన్నాను. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం ప్రమాణం చెయ్యడానికి మా వైపు ఎవరికైనా గుండె జంకుతుంది. వాడు పడమటి కొండల వైపు కాదు, తూర్పున మన ఊరుందనుకున్న దిక్కుకు తిరిగి, చలికాలంలో ఆ పాత టైర్లతో కారు తియ్యనని ప్రమాణం చేశాడు.

ఆ తర్వాతే నిమ్మకాయలు పెట్టాం.