ఫుప్పూకి అందని ఖబర్

మా ఫుప్పూకి డెబ్బై దాటాయి. ఆమెకి ఒకే ఒక సహేలీ ఉండేది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఉస్తానీ దగ్గర అలిఫ్ బే దిద్దుకున్నారు. ఒకే ఏడాది ఇద్దరి నికాలూ అయ్యాయి. ఒకరింట్లో షీర్ ఖుర్మా తాగకుండా ఇంకొకరికి ఈద్ జరిగేది కాదు. ఆ సహేలీ పోయిన నెల ఒక మంగళవారం ఫజర్ తర్వాత ఇంతెఖాల్ అయ్యింది. జుహర్ తర్వాత జనాజా నమాజ్. ఫుప్పూకి ఆ ఖబర్ తెలిసింది మగ్రిబ్‌కి కాస్త ముందు, పెరుగు కోసం వచ్చిన పక్కింటి కోడలు చెబితే. అప్పటికి కబరస్తాన్‌లో మిట్టీ ఇవ్వడం కూడా అయిపోయింది. ఆఖరి దీదార్ లేదు.

రాత్రి నేను వెళ్లేసరికి తఖ్త్ మీద గోడకి ఆనుకుని కూర్చునుంది. తస్బీ చేతిలో ఉంది గానీ పూసలు కదలడం లేదు.

"మేరేకు కోయి నై బోలే బేటా" అంది. కాసేపయ్యాక తన కొత్త ఫోను తీసి నా ముందు పెట్టింది. "ఇస్మే ఆతా బోలే థే నా?"

వస్తుందన్నది నేనే.

ఈ బ్లాగు పాత పాఠకులకి గుర్తుండొచ్చు. మా ఆపా కొడుకు, అంటే మా భాంజా, మొహల్లా కోసం ఒక యాప్ చేశాడని ఇక్కడే తెగ మురిసిపోతూ రాశాను. జనాజా ఏలాన్, ఎవరికైనా రక్తం కావాలంటే ఆ ఏలాన్, జుమా టైమ్ మారితే ఆ ఖబర్, అన్నీ ఫోనుకే వస్తాయి. అంతకుముందు ఎవరైనా పోతే కడప గల్లీల్లో ఆటోకి మైకు కట్టుకుని తిరిగేవాళ్లు. కమిటీ మీటింగులో "ఇంకా ఆటో కిరాయి ఎందుకు దండగ, ఫోనులో వస్తుంది కదా" అని లేచి చెప్పింది కూడా నేనే. ఆటో ఆగిపోయింది. అందుకే ఫుప్పూ ఆ ఫోను నా ముందు పెట్టినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

భాంజాకి ఫోను చేశాను. హైదరాబాద్‌లో ఉద్యోగమే అయినా ఆ వారం ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని పది నిమిషాల్లో వచ్చాడు. వచ్చీ రాగానే తెర చూపించాడు. "అందరికీ వెళ్లింది మామూ. చూడండి, సక్సెస్ అని ఉంది."

ఆ 'సక్సెస్' మాట చూసి నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. మండల విలేకరిగా రాత్రి పూట ఫ్యాక్స్‌లో వార్త పంపేవాణ్ని. మిషను 'ఓకే' అని చీటీ ఇచ్చేది. తెల్లారి పేపర్లో వార్త ఉండేది కాదు. అడిగితే డెస్కులో కాయితం రోలు అయిపోయిందనేవాళ్లు. ఓకే అన్నది మిషను, చదివింది ఎవరూ లేరు. ఇక్కడా అంతే. మావాడు వాడింది ఫైర్‌బేస్ అనే సామాను. సొంతంగా సర్వర్ కొనే పని లేకుండా లాగిన్, డేటా, నోటిఫికేషన్లు అన్నీ వాళ్ల కంప్యూటర్ల మీదే నడుస్తాయి. 2014లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. మనం మెసేజ్ ఇస్తే అక్కడి కంప్యూటరు "తీసుకున్నాను" అని ఒక నంబరు ఇస్తుంది. తీసుకున్నాను అంటే ఫోనుకి చేర్చాను అని కాదు. చేర్చినా మనిషి చూసినట్టు అసలే కాదు.

"సరే, నానీ పేరు మీద ఏ పతా ఉందో చూడు" అన్నాను.

ఈ పతా సంగతి కాస్త చెప్పాలి. యాప్‌ని ఫోనులో మొదటిసారి తెరిచినప్పుడు దానికి ఒక పొడవాటి అక్షరాల తీగ ఇస్తారు. టోకెన్ అంటారు. నోటిఫికేషన్ చేరేది దాన్ని బట్టే. అది మనిషి పతా కాదు, ఆ ఫోనులో ఉన్న ఆ యాప్ పతా. యాప్ తీసేసి మళ్లీ వేస్తే పతా మారుతుంది. డేటా చెరిపేస్తే మారుతుంది. ఫోను మారిస్తే సరేసరి. ఆండ్రాయిడ్‌లో 270 రోజులు చప్పుడు లేకుండా పడున్న పతాని చెల్లదని కొట్టేస్తారు. కిరాయి ఇళ్లు మారే జనానికి ఉత్తరాలు రాయడం లాంటిదే ఇది. కొత్త పతా ఎప్పటికప్పుడు రాసుకోకపోతే పోస్ట్‌మ్యాన్ పాత తలుపే కొడతాడు.

ఫుప్పూ పేరు మీద ఒక్కటే టోకెన్ ఉంది. భాంజా దానికి మాత్రమే ఒక మెసేజ్ పంపాడు. ముగ్గురం తఖ్త్ మీదున్న కొత్త ఫోను వైపే చూస్తున్నాం. అది కదల్లేదు.

లోపలి గదిలో టింగ్‌మంది.

మనవడు బయటికొచ్చాడు. తొమ్మిదేళ్లవాడు. చేతిలో ఫుప్పూ పాత ఫోను. రంజాన్‌కి కొత్తది కొన్నాక దాన్ని వీడికి గేములకి ఇచ్చేశారు. "పొద్దున కూడా ఇట్లాంటిదే వచ్చింది. గేమ్‌కి అడ్డమొస్తే పక్కకి తోసేశా" అన్నాడు. వాళ్లమ్మ చెయ్యెత్తింది. ఫుప్పూ ఆపింది. "ఛోడ్‌దే. బచ్చే కో క్యా మాలూమ్."

అంటే ఖబర్ ఇంటిదాకా వచ్చింది. ఆమె కూర్చున్న తఖ్త్‌కి పది అడుగుల దూరంలో, పొద్దున ఎనిమిదింటికే, మోగింది.

మరి కొత్త ఫోనుకి ఎందుకు రాలేదు? అందులో యాప్ ఉంది. తెరిస్తే లాగిన్ పేజీ దగ్గరే నిలబడి ఉంది. భాంజా రాసిన పద్ధతి ప్రకారం లాగిన్ అయ్యాకే టోకెన్ ఖాతాలో చేరుతుంది. లాగిన్ కాని ఫోను లెక్కలో లేని ఫోను. ఫుప్పూ లాగిన్ ఎందుకు కాలేదంటే, మొదట్లో యాప్ వేసినప్పుడు పెద్దకొడుకు ఛుట్టీ మీద వచ్చున్నాడు. తన నంబరే ఇచ్చి వేశాడు. తర్వాత ఆ సిమ్ తీసుకుని కువైట్ వెళ్లిపోయాడు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి మరి. ఇప్పుడు ఆమె కడపలో బటన్ నొక్కితే ఓటీపీ కువైట్‌లో పడుతుంది. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే అక్కడ ఐదున్నర. వాడు లేచి, చూసి, వాట్సాప్‌లో పంపేసరికి ఆ ఓటీపీకి గడువు తీరిపోతుంది. రెండు మూడుసార్లు ప్రయత్నించి వదిలేసిందట. ఎవరికీ చెప్పలేదు. పిల్లలకి తక్లీఫ్ ఇవ్వడం ఎందుకని.

మన ఇళ్లల్లో ఇది కొత్తేం కాదు. అమ్మీ పేరు మీద ఫోను ఉంటుంది, సిమ్ అబ్బా పేరు మీద, రీఛార్జి అల్లుడిది. యాప్ చేసేవాళ్లు మాత్రం ఒక మనిషి, ఒక ఫోను, ఒక నంబరు అనుకుంటారు. మావాడూ మన ఇంట్లోనే పెరిగాడు, అయినా అట్లాగే అనుకున్నాడు.

ఆ రాత్రి భాంజా నిద్రపోలేదని ఆపా చెప్పింది. శుక్రవారం జుమా తర్వాత మస్జిద్ సెహన్‌లో చాప వేసుకుని కూర్చున్నాం. ఏలాన్లు రానివాళ్లు, ఆలస్యంగా వచ్చేవాళ్లు ఫోన్లు తెమ్మన్నాం. రేషన్ కార్డుల క్యాంపులా లైను కట్టారు. ఇంతమందికి ఇబ్బంది ఉందని మాకు అప్పటిదాకా తెలీదు. నోటిఫికేషన్ రానివాడికి రాలేదన్న సంగతే తెలీదు కదా, ఇంక ఫిర్యాదు ఎక్కడినుంచి చేస్తాడు?

ఎక్కువమంది గోల ఆలస్యం గురించే. మౌజన్ సాబ్‌కి మంగళవారం ఏలాన్ మూడు గంటలు లేటుగా వచ్చిందట. భాంజా చూసి తల పట్టుకున్నాడు. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఒక పద్ధతి ఉంది. ఛార్జింగ్‌లో లేకుండా, తెర ఆర్పి, కదలకుండా ఒకచోట పెట్టిన ఫోను కాసేపటికి గాఢనిద్రలోకి వెళ్తుంది. బ్యాటరీ మిగల్చడానికి. మధ్యమధ్య కాసేపు లేచి, ఆగిన మెసేజీలు తీసుకుని మళ్లీ పడుకుంటుంది. మెసేజ్ మీద 'హై' అని ముద్ర ఉంటే మాత్రం వెంటనే లేస్తుంది. మావాడు ఏలాన్ని డేటా మెసేజ్‌గా పంపుతున్నాడు, తనకి కావలసిన రంగులో, కావలసిన సౌండుతో చూపించుకోవచ్చని. డేటా మెసేజ్‌కి మనం చెప్పకపోతే మామూలు ముద్రే పడుతుంది. జేబులో తిరిగే కుర్రాళ్ల ఫోన్లకి టక్కున వచ్చేది. తాఖ్‌లో ఖురాన్ పక్కన పెట్టిన పెద్దవాళ్ల ఫోన్లకి వచ్చేది కాదు. వాడి సొంత ఫోను ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది కనుక వాడికి ఎన్నడూ తప్పు కనిపించలేదు.

ఇంకో తమాషా. తమాషా అనకూడదు గానీ. ఊరికి వెళ్లొచ్చిన ఒక సాబ్ రెండు రోజులు ఫోను ఆపేసి ఉంచాడు. తెరవగానే "ఈ రోజు అసర్ తర్వాత జనాజా" అని వచ్చింది. వజూ చేసుకుని పరిగెత్తాడు. మస్జిద్‌లో జనాజా లేదు, గుసుల్ లేదు, ఏమీ లేదు. మెసేజీకి ఆయుష్షు మనం పెట్టకపోతే నాలుగు వారాలు బతుకుతుంది. ఫోను ఎప్పుడు తెరిస్తే అప్పుడు చేరుతుంది. దీనికి విరుగుడు భాంజా వైపు కొంత ఉంది, ఆయుష్షు కొన్ని గంటలకి తగ్గించడం. ఇంకో సగం నాది. వార్తలో 'ఈ రోజు' అని రాస్తే పక్కన తేదీ ఉండాలని పదహారేళ్లుగా కొత్త విలేకరులకి చెబుతున్నవాణ్ని. ఏలాన్ నమూనా రాసిచ్చింది నేనే. అందులో తేదీ పెట్టలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ ముందుగా ఇజాజత్ అడగాలి. మా యాప్ తెరవగానే, సలామ్ కూడా చెప్పకుండా, అడిగేది. భయపడి చాలామంది 'వద్దు' నొక్కారు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సెట్టింగు యాప్ గొంతు నొక్కేస్తోంది. అది ఒక్కో ఫోనులో ఒక్కోచోట ఉంటుంది, వెతికి 'అడ్డు లేదు' అని పెట్టాలి. ఐఫోను పిల్లలు కొందరు యాప్ బదులు వెబ్‌సైట్ వాడుతున్నారు. అందులో 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి మాత్రమే, అదీ సైట్‌ని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటేనే నోటిఫికేషన్ వస్తుంది.

జీమెయిల్‌తో లాగిన్ కానివాళ్లు కూడా కొందరు వచ్చారు. భాంజా ఫోనులో అవుతుంది, ప్లే స్టోర్ నుంచి వేసుకున్నవాళ్లకి కాదు. ఇది వాడికి ముందే తెలిసుండాల్సిందట. యాప్ మీద చేసినవాడి మొహర్ ఒకటి ఉంటుంది. స్టోర్ దాన్ని జనానికి ఇచ్చేటప్పుడు వేరే మొహర్ వేస్తుంది. ఆ రెండో మొహర్ వేలిముద్రని కూడా ఫైర్‌బేస్‌లో రాయించాలి. వీడు తన మొహర్ ఒక్కటే రాయించాడు. అదొకటి రాయగానే లాగిన్లు అయ్యాయి.

లైను తగ్గాక ఇమామ్ సాబ్ వచ్చి కూర్చున్నారు. అంతా విని ఒకటే అడిగారు. "ఆటో మైకు విన్నందుకు ఎవరైనా దస్తఖత్ చేసేవాళ్లా?"

భాంజాకి అర్థం కాలేదు. నాకయ్యింది. జనాజా ఖబర్ రహస్యం కాదు. దాన్ని వినడానికి ఓటీపీ ఎందుకు, కువైట్ దాకా పోయి షనాఖ్త్ తెచ్చుకోవడం ఎందుకు? మావాడు సెక్యూరిటీ అని మొదలుపెట్టాడు. సరే, సెక్యూరిటీ ఎక్కడ కావాలి, ఏలాన్ రాసే చోట కదా, ఆ తలుపు చూపించు అన్నాను. సర్వర్‌లో నియమాలు రాసే పేజీ తెరిచాడు. చదివి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లాగిన్ అయిన ఎవరైనా ఏలాన్ రాయొచ్చని ఉంది. యాప్‌లో రాసే బటన్ కమిటీవాళ్లకే కనిపిస్తుంది నిజమే. కానీ బటన్ దాచినంత మాత్రాన తలుపుకి తాళం పడదు. కాస్త కంప్యూటర్ తెలిసినవాడు బటన్ లేకుండానే లోపలికి రాగలడు. బతికున్న మనిషి పేరుతో ఎవడైనా జనాజా ఏలాన్ పంపితే? అల్లా కాపాడాడు గానీ మా తెలివి కాదు.

ఉర్దూ మీడియంలో చదివినందుకు నాకు ఇక్కడ రెండు మాటలు పనికొచ్చాయి. షనాఖ్త్ వేరు, ఇజాజత్ వేరు. నువ్వెవరో తెలియడం ఒకటి, నీకు ఆ పని చేసే హక్కు ఉండడం ఇంకొకటి. వాడు మొదటిది అడిగి రెండోది అడగలేదు. వినే ముసలమ్మ దగ్గర చౌకీదార్‌ని పెట్టి, రాసేవాడి దగ్గర గేటు తెరిచి వదిలేశాడు.

ఆదివారం కల్లా తిరగరాశాడు. ఇప్పుడు యాప్ వేసుకుని తమ మొహల్లా పేరు నొక్కితే చాలు, లాగిన్ లేదు, నంబరు లేదు. ఫైర్‌బేస్‌లో దీన్ని టాపిక్ అంటారు. ఆ పేరు మీద ఏం పంపినా నొక్కిన ఫోన్లన్నిటికీ పోతుంది. ఏలాన్ రాయగలిగేది ఇద్దరే, ఆ ఇద్దరి పేర్లూ సర్వర్ నియమాల్లోనే ఉన్నాయి. జనాజా ఏలాన్‌కి మాత్రమే హై ముద్ర. జుమా టైముకి కూడా అదే వేద్దామంటే నేను వద్దన్నాను. తెర మీద కనబడనివాటికి ఆ ముద్ర వాడుకుంటూ పోతే గూగులే దాన్ని తగ్గించేస్తుందట. అది కాకపోయినా, ప్రతిదానికీ మోగే ఫోన్ని మన పెద్దవాళ్లు గొంతు నొక్కేస్తారు.

ఆటో మైకు కూడా మళ్లీ మొదలైంది. కమిటీలో లేచి నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వనీ.

ఆదివారం రాత్రి ఫుప్పూ ఇంటికి వెళ్లి కొత్త ఫోనులో మొహల్లా పేరు నొక్కించాం. పాత ఫోనులోంచి యాప్ తీసేశాం. భాంజా ఆ ఒక్క ఫోనుకే టెస్ట్ పంపాడు. వెంటనే మోగింది. మావాడి మొహం వెలిగింది.

ఫుప్పూ తెర వైపు చూడలేదు. ఆ చప్పుడు వినగానే దుపట్టా తల మీదికి లాక్కుని "ఇన్నా లిల్లాహి" అంది. తర్వాత భయంగా మా ఇద్దరి వైపు చూసింది. "కౌన్ బేటా?"

"ఎవరూ కాదు నానీ, టెస్ట్" అన్నాడు వాడు.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆ సౌండ్ ఒకసారి మళ్లీ వినిపించు, గుర్తుపెట్టుకోవాలి" అంది.