రెండంగుళాల మట్టి

2016 ఏప్రిల్ ఆఖరు. మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో మంచు కరిగి నేల మెత్తబడింది. దుకాణం నుంచి ఒక పియోనీ దుంప తెచ్చాను. పెట్టె విప్పితే రంపపు పొట్టులోంచి వేలెడు మొలక పాలిపోయి బయటికొచ్చింది. అత్తయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "పెండలానికీ చేమకీ పుట్టినట్టుందే అమ్మాయ్!" అన్నారు.

ఆవిడది కడియం దగ్గర పల్లె. నర్సరీల మధ్య పెరిగిన మనిషి, మొక్కల దగ్గర ఆవిడ మాటకి నేను ఎదురు చెప్పను. "ఈ దేశం చలికి పైపైన పెడితే బతుకుతుందా? జానెడు లోతు తియ్యి" అన్నారు. తీశాను. ఎరువేసి, మట్టి కప్పి, పాదంతో అదిమాను కూడా.

ఆ ఏడు రెండు కాడలు వచ్చాయి. మరుసటేడు నాలుగు. 2018 నాటికి పొద నిండా నిగనిగలాడే ఆకులే, మొగ్గ ఒక్కటీ లేదు. అదే జూన్‌లో మా ఊరి నికల్స్ ఆర్బొరీటంకి వెళ్ళాను. 1927 నుంచీ జనం చూస్తున్న పియోనీ తోట అది, అప్‌జాన్ అనే డాక్టరు ఇచ్చిన మొక్కలతో మొదలైంది. వరసలు వరసలుగా పూలు. వాటిలో నేను కొన్న రకమే, ఫెస్టివా మాగ్జిమా, 1851 నాటి ఫ్రెంచి పువ్వు: తెల్లటి రేకుల మధ్య అక్కడక్కడ కుంకుమ చిలికినట్టు ఎర్రటి చుక్కలు. అసూయతో ఇంటికొచ్చాను.

గుట్టు విప్పింది పక్కింటి పెద్దావిడ. పొద మొదట్లో వేలు గుచ్చి, "కళ్ళు ఎక్కడ?" అంది. దుంప మీద ఎర్రగా ఉండే మొలక కళ్ళన్నమాట. వాటి మీద రెండంగుళాలకు మించి మట్టి ఉంటే పియోనీ ఆకులేసుకుంటూ కూర్చుంటుందట. చలంటే దానికి భయం లేదు, చలికాలం నిద్ర లేకపోతే పూయనే పూయదు. పైగా ఏప్రిల్‌లో కొన్న దుంప వేరు పట్టకముందే ఆకుకి ఖర్చయిపోతుంది. సెప్టెంబరులో నాటితే నేల గడ్డకట్టేలోగా వేళ్ళు కుదురుకుంటాయి. నేను రెండు తప్పులూ ఒకే గోతిలో చేశాను.

ఆ సెప్టెంబరులో తవ్వి పైకి లేపాను. మరుసటేడు అలిగినట్టు అంగుళం కూడా ఎక్కువ పెరగలేదు. 2020 మే ఆఖర్లో మూడు మొగ్గలు, గోళీలంత. వాటి మీద తియ్యటి జిగురు, దానికోసం చీమలు. వాటి వల్ల మొక్కకి నష్టమేమీ లేదు. అయినా రోజూ దులపబోయి ఆగేదాన్ని.

జూన్ మొదటి వారంలో ఒకటి విచ్చింది. అరచేయి నిండేంత పువ్వు, బరువుకి కాడ వంగిపోయింది. అత్తయ్య రావడానికి ఆ ఏడు విమానాలు లేవు. వీడియో కాల్‌లో చూపించాను.

"వాసన ఉందా?"

"బాగా. గులాబీలా."

"గులాబీలాంటి దానికి నాలుగేళ్ళా? గులాబీయే వేసుకోపోయావా!"

ఫోను మరికాస్త దగ్గరికి పెట్టాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పక్క మొగ్గకి చీమలు పట్టాయి. పసుపు చల్లు" అన్నారు.