చెక్‌పోస్ట్ నుంచి ఖని దాకా

ఫిల్మ్ నగర్‌లో కరెంటు లెక్క ఇంటికో రకం. కొండ మీది బంగళాలో వాడకం నెలకు 800 యూనిట్లు దాటిందంటే ఆ పైన ప్రతి యూనిట్‌కూ పది రూపాయలు. అదే కొండ కింద రేకుల ఇళ్ల బస్తీలో, తెల్ల రేషన్ కార్డు ఉండి వాడకం 200 యూనిట్లు మించకపోతే, గృహజ్యోతి పుణ్యమా అని 2024 నుంచి వస్తున్నది ‘జీరో బిల్లు’. అవుట్‌డోర్ షూటింగ్‌కైతే మీటర్‌తో పనే లేదు. జనరేటర్ వ్యాన్ ఓ మూల నిలబడి డీజిల్ తాగుతూ సెట్టుకు వెలుగు పంపిస్తుంది.

ఫిల్మ్ నగర్ ఉన్న జూబ్లీహిల్స్ అనగానే కళ్లముందు కదిలేది బంగళాలే. కానీ ఆ పేరు పెట్టుకున్న అసెంబ్లీ నియోజకవర్గంలో ఎక్కువమంది బోరబండ, రహమత్ నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ బస్తీల ఓటర్లు. బంగళాల్లో చాలా భాగం పక్కనున్న ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోతాయి.

వాతావరణ విధానం ఈ కొండ ఎక్కేసరికి ఏ గుమ్మం ముందు ఆగుతుందో చూడండి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి కప్పు మీద ఒక కిలోవాట్ సోలార్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన ఎంత పెట్టుకున్నా 78 వేల రూపాయలు సబ్సిడీ వస్తుంది. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని కప్పు కావాలి. అది సొంతదై ఉండాలి. బస్తీలో ఒకే కప్పు కింద మూడు కుటుంబాలు అద్దెకుంటాయి. పైగా వాళ్ల బిల్లు ఇప్పటికే సున్నా కాబట్టి సోలార్‌తో మిగిలేదేమీ ఉండదు. యూనిట్‌కు పది రూపాయలు కట్టే ఇంటికి మాత్రం పెట్టిన డబ్బు కొన్నేళ్లలో తిరిగొచ్చేస్తుంది. ఒక ప్రభుత్వం ఉచిత కరెంటుతో పేదవాణ్ణి ఆదుకుంది, మరో ప్రభుత్వం సబ్సిడీతో సూర్యుణ్ణి ఇంటికి పిలిచింది. రెండూ మంచి పనులే. ఆ రెండు పథకాలు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు, అంతే.

స్టూడియోల్లోనూ కరెంటు ఆదా చేసే మార్పొకటి చప్పుడు లేకుండా జరిగింది. ఒకప్పుడు పెద్ద పెద్ద లైట్లు మోయడానికి, ఎక్కించడానికి, చల్లబడేదాకా కాపలా కాయడానికి లైట్‌మెన్ బృందాలు ఉండేవి. ఎల్ఈడీ ప్యానెళ్లు వచ్చాక కరెంటు ఆదా అయింది, వేడి తగ్గింది, మోసే బరువూ తగ్గింది. బరువు తగ్గితే మోసే చేతులకూ గిరాకీ తగ్గుతుంది. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలంటూ సినీ కార్మికులు షూటింగులు ఆపేశారు. దాదాపు మూడు వారాలకు, కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో, మూడేళ్లలో విడతలుగా పెంచేలా రాజీ కుదిరింది. ఆ గొడవ ప్రధానంగా రోజు కూలి గురించే. కొత్త యంత్రంతో ఆదా అయిన సొమ్ములో కార్మికుడి వాటా ఎంత అన్న ప్రశ్న ఆ బేరంలో ముందుకు రాలేదు. ఆ ప్రశ్నను ఇక్కడికన్నా ముందు ఎదుర్కొన్న ఊరొకటి ఉంది, గోదావరిఖని. ఈ దీపాలకు కరెంటు పంపేవాటిలో అదీ ఒకటి. దారి రాజీవ్ రహదారి, దూరం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగితే పక్కనే జేబీఎస్, అంటే జూబ్లీ బస్ స్టేషన్. ఇక్కడి ‘జూబ్లీ’ వేరు, హిల్స్‌తో దీనికి చుట్టరికం లేదు. కరీంనగర్ వెళ్లే బస్సులు ఇక్కడే ఆగుతాయి. 2024 సెప్టెంబర్ 29న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క కరీంనగర్‌లో ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులకు జెండా ఊపారు. పొగ లేదు, ఇంజిన్ చప్పుడు లేదు, కండక్టరూ లేడు. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి. ఆర్టీసీ కిలోమీటరుకింత అని లెక్కగట్టి చెల్లిస్తుంది. ఎలక్ట్రిక్ బస్సుల్ని ఆర్టీసీయే కొని నడపాలన్నది కార్మిక సంఘాలు 2025లో ఇచ్చిన సమ్మె నోటీసులోని డిమాండ్లలో ఒకటి. ఇంకో సంగతి ఉంది. జిల్లాల దారుల్లో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. ఈ పొగలేని బస్సులో టికెట్ కొనాల్సిందే. కూలికి వెళ్లే ఆడమనిషి డీజిల్ బస్సు కోసం పక్క ప్లాట్‌ఫాం మీద నిలబడుతుంది.

శామీర్‌పేట, తుర్కపల్లి, ప్రజ్ఞాపూర్ వెంటవెంటనే వెనక్కి పోతాయి. గజ్వేల్ దగ్గర కాస్త ఆగాలి. 2016 ఆగస్టు 7న ప్రధాని మోదీ ఇక్కడి కోమటిబండ నుంచి మిషన్ భగీరథను ప్రారంభించారు. అదే వేదిక మీద బొగ్గు గనుల సంస్థ సింగరేణికి చెందిన 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రాన్ని జాతికి అంకితం చేశారు. రామగుండంలో ఎన్టీపీసీ కొత్త బొగ్గు యూనిట్లకు శంకుస్థాపన కూడా అప్పుడే. నీళ్లూ బొగ్గూ ఒకే సభలో. గజ్వేల్ పొలిమేరల్లోనే మల్లన్నసాగర్ జలాశయం కింద మునిగిపోయిన ఊళ్ల జనానికి కట్టిన పునరావాస కాలనీ ఉంది. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ ఇప్పుడు ఆ కాలనీలో వీధుల గుర్తులు. ఏ పెద్ద పనికైనా ముందు భూమి కావాలి. సోలార్‌కూ అంతే, మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు.

ఆ నాలుగెకరాల మీదే తెలంగాణ ఓ కొత్త లెక్క వేసింది. మహిళా స్వయం సహాయక సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని 2024 నవంబర్‌లో వరంగల్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఒక్కో మెగావాట్‌కు ఖర్చు మూడు కోట్ల దాకా. పదో వంతు సంఘానిది, మిగతాది బ్యాంకు అప్పు. వచ్చిన కరెంటును డిస్కమ్ యూనిట్ 3 రూపాయల 13 పైసలకు కొంటుంది. ఏడాదికి 15 లక్షల యూనిట్లు వస్తాయనుకుంటే రాబడి దాదాపు 47 లక్షలు. పది శాతం వడ్డీ అనుకుంటే మొదటి ఏడు వడ్డీకే 27 లక్షలు పోతాయి. మిగిలిన ఇరవై లక్షల్లో అసలు కట్టాలి, ప్యానెళ్లు కడిగించాలి, ఇన్సూరెన్స్ చెల్లించాలి. గట్టెక్కే లెక్కే, కానీ ఓ ఇన్వర్టర్ కాలిపోతే ఆ ఏడాది వాటాలు ఆవిరైపోతాయి. అయినా ఈ దారి పొడుగునా కనిపించే పథకాల్లో, కరెంటు తయారుచేసే చోటును పేదల పేరున రాయాలని చూసింది ఇదొక్కటే. 2030 నాటికి మరో 20 వేల మెగావాట్లు చేర్చాలని 2025 జనవరిలో విడుదలైన క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ అంటోంది. సంఘాల వాటా అందులో ఇరవయ్యో వంతు.

సిద్దిపేట దాటి అలుగునూర్ చేరేసరికి ఎడమచేతి వైపు లోయర్ మానేరు నీళ్లు మెరుస్తాయి. ఈ నీళ్ల మీద తేలే సోలార్ పెట్టాలని సింగరేణి ఎప్పటినుంచో అనుకుంటోంది. భూమి సేకరణ బాధ ఉండదని లెక్క. నిజమే, నీళ్ల మీద పట్టాదారు పాస్‌బుక్కులు ఉండవు. కానీ ఆ నీళ్ల మీద వలలు వేసే ముదిరాజ్, గంగపుత్ర సంఘాల వాళ్లు ఉన్నారు. వాళ్ల పొలం అదే. ప్లాంటు వస్తే నీటి మీద హక్కు విలువ ఎకరాల్లో కడతారా, చేపల టన్నుల్లో కడతారా అన్నది ఒప్పందం రాయకముందే తేలాలి.

కరీంనగర్ దాటాక సుల్తానాబాద్ రైస్ మిల్లులు, పెద్దపల్లి, బసంత్‌నగర్ సిమెంట్ ఫ్యాక్టరీ. ఆ తర్వాత ఆకాశంలోకి పొడుచుకొచ్చిన పొగగొట్టాలు.

రామగుండంలో అందరూ ‘బి-థర్మల్’ అని పిలిచే కేంద్రం 1971లో మొదలైంది. సామర్థ్యం 62.5 మెగావాట్లు. ఇప్పటి లెక్కల్లో చిన్న పిల్ల. కానీ ఈ ఊరు పెరిగింది దాని వెలుగులోనే. 2024 జూన్‌లో అది శాశ్వతంగా ఆగిపోయింది. జెన్‌కో ఉద్యోగి అయితే మరో కేంద్రానికి బదిలీ మీద వెళ్లగలడు. గేటు ముందు హోటల్‌కు, ఆటో స్టాండుకు బదిలీ ఉత్తర్వులు ఉండవు. బొగ్గు కేంద్రం మూతపడింది కదా అని పర్యావరణవాదులు పండగ చేసుకోనక్కర్లేదు. అక్కడే 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ బొగ్గు యూనిట్ కడతామని ప్రభుత్వం అదే ఏడాది చెప్పింది. కార్మిక సంఘాలు కోరిందీ అదే. ఖాళీ స్థలంలో సోలార్ ప్యానెళ్లు పరిస్తే తమ పిల్లలకు ఉద్యోగాలు రావని వాళ్లకు బాగా తెలుసు.

ఎలా తెలుసంటే, కళ్ల ముందే రుజువుంది. ఎన్టీపీసీ ఇక్కడ 2,600 మెగావాట్ల బొగ్గు కేంద్రాన్ని నడుపుతోంది. మొదటి యూనిట్ 1983 నాటిది. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో 800 మెగావాట్లవి రెండు కొత్తగా వచ్చాయి. ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్లో 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022 జులై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. ఖర్చు 423 కోట్లు. ప్లాంటును నలభై బ్లాకులుగా విడగొట్టారు, ఒక్కో బ్లాకులో 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ కూడా నీటి మీదే తేలుతుంటాయి. రిజర్వాయర్ అడుగున దింపిన బరువులకు గట్టి తాళ్లతో కట్టేస్తారు. దీనివల్ల ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు కాల్చే పని తప్పుతుందని, 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ఎన్టీపీసీ అంచనా. ఎండాకాలం రామగుండం వేడి ఎరిగినవాళ్లకు ఆ రెండో అంకె విలువ తెలుస్తుంది. ఇంజనీరింగ్‌గా చూస్తే ఇది ముచ్చటైన పని. కానీ కట్టడం అయిపోయాక దాని దగ్గర కాపలా, కడుగుడు, చిన్నచిన్న మరమ్మతులే మిగులుతాయి.

ఇక గోదావరిఖని. ఇక్కడ గనిని ‘బాయి’ అంటారు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవాళ్లు, ఇప్పుడు నలభై వేలు. అదే కాలంలో బొగ్గు ఉత్పత్తి మూడింతలకు పైగా పెరిగి 2023-24లో ఏడు కోట్ల టన్నులు దాటింది. అరవై వేల ఉద్యోగాలను ఏ సోలార్ ప్యానెలూ మింగలేదు. భూగర్భ బాయిల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. చేత్తో బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ స్థానంలో షవెల్స్, డంపర్లు వచ్చాయి. స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు వచ్చాయి. హరిత విధానాలు కొలువులు తినేస్తాయని భయపెట్టేవాళ్లు ఈ ముప్పై ఏళ్ల చరిత్రను దాటేస్తారు. హరిత ఉద్యోగాలు కుప్పలుగా వస్తాయని ఊరించేవాళ్లు దాన్ని అసలు తెరవరు.

ఉన్న ఉద్యోగాల్లోనూ రెండు కులాలు. 2024 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సింగరేణి లాభాల్లో 796 కోట్లు బోనస్‌గా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. కాంట్రాక్టు కార్మికులు దాదాపు పాతిక వేల మంది, వాళ్లకు తలా ఐదు వేలు. వాళ్లకు వాటా ఇవ్వడం అదే మొదటిసారి కాబట్టి ఆ ఐదు వేలకూ చప్పట్లు పడ్డాయి. బాయి మూతపడితే మొదట రోడ్డున పడేది ఈ పాతిక వేల మందే. ‘న్యాయమైన మార్పు’ అని పెద్ద సభల్లో అనుకునే మాటకు ఇక్కడ కొలబద్ద ఒక్కటే, కాంట్రాక్టు కార్మికుడు ఆ లెక్కలో ఉన్నాడా లేడా అని. జర్మనీ 2038కల్లా బొగ్గు మానేస్తామని 2020లో చట్టం చేసినప్పుడు, బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల దాకా ఇస్తామని పక్కనే మరో చట్టం రాసుకుంది. 2070కల్లా నెట్ జీరో అని 2021లో గ్లాస్గోలో మాటిచ్చిన మన దేశంలో అలాంటి రెండో చట్టం లేదు. జిల్లా ఖనిజ నిధి ఉంది. దాంతో రోడ్లు, బడి గదులు కడుతున్నారు. బాయి పోయాక పని ఏమిటన్నది దాని పద్దుల్లో కనిపించదు.

సింగరేణి మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సొంత స్థలాల్లో రెండు వందల మెగావాట్లకు పైగా సోలార్ పెట్టింది. 2025 మార్చిలో రాజస్థాన్‌తో 1,500 మెగావాట్ల సోలార్‌కు, 1,600 మెగావాట్ల థర్మల్‌కు ఒప్పందం చేసుకుంది. మరుసటి నెల ఒడిశాలో నైనీ బొగ్గు గని తెరిచింది. కంపెనీకి ఇవన్నీ తెలివైన అడుగులే. ఖనిలో ఐటీఐ చదివి డిపెండెంట్ ఉద్యోగం కోసం ఎదురుచూసే కుర్రాడికి ఎండ రాజస్థాన్‌లో, బొగ్గు ఒడిశాలో. ఊళ్లో మిగిలేవి మేడిపల్లి లాంటి తవ్వేసిన ఓపెన్‌కాస్ట్ గోతులు. ఆ మేడిపల్లి గోతిలోనే నీళ్లు నింపి, పగలు సోలార్ కరెంటుతో పైకి తోడి, రాత్రి కిందికి వదిలి 500 మెగావాట్లు తీయాలన్న పంప్డ్ స్టోరేజ్ ఆలోచన సింగరేణి చేస్తోంది. ఇది వస్తే సివిల్ పనులు, పంపులు, టర్బైన్లు, సబ్‌స్టేషన్ అన్నీ ఇక్కడే. బాయిలో నీళ్లు తోడిన ఫిట్టరు, ఎలక్ట్రీషియను చేయగల పనులు ఇందులో ఉన్నాయి. దారి మొదటి నుంచి చూస్తే పాత చేతులకు కొత్త పని నేరుగా సరిపోయే చోటు ఇదే.

రహదారి గోదావరి మీది వంతెన దాటి మంచిర్యాల జిల్లాలోకి పోతుంది. కొద్ది దూరంలో జైపూర్ మండలం పెగడపల్లి. కోమటిబండ నుంచి అంకితం చేసిన ఆ 1,200 మెగావాట్ల సింగరేణి కేంద్రం ఇక్కడే ఉంది. దాని రిజర్వాయర్ మీద తేలే సోలార్ ఉంది, పక్కన నేల మీద సోలార్ ఉంది, 800 మెగావాట్ల మూడో బొగ్గు యూనిట్‌కు సన్నాహాలూ ఉన్నాయి. ఒకే కాంపౌండ్ గోడ లోపల మూడు యుగాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఏ యుగంలో ఎంతమందిని తీసుకుంటారో, అందులో పర్మినెంట్ ఎంతో, కాంట్రాక్టు ఎంతో ప్రాజెక్టు రిపోర్టుల్లో మెగావాట్ల పక్కన మరో గడి గీసి రాయమని సంఘాలు అడగాల్సిన చోటు ఈ గేటే.